ఉభయనౌకా పద్యం: టీకా తాత్పర్యం

అలలు లేని నీటి నడుగును స్కీవాఁడు
కొండవంటి యలనుఁ గోరు బోర్డు
ఒక్క పడవతోనె యుభయులు మురియంగఁ
గొనెడివాఁడు నీటఁ గొలిచి కొనును

అవతారిక: అమెరికాలో సరస్సు ఒడ్డున కాపురముండే ఒక గృహస్థుకు వాటర్ స్కీయింగ్ ప్రాణం. పిల్లలకు వేక్‌బోర్డింగ్ తప్ప మరొకటి పట్టదు. రేవులో చోటు మాత్రం ఒక్క పడవకే ఉంది. ఇలాంటివారి కోసం తయారీదార్లు క్రాసోవర్ అనే తరగతిని సృష్టించారు. ఆ పడవను పరీక్షించే విధానం ఈ పద్యానికి విషయం. ఛందస్సు ఆటవెలది. ఆటల పడవకు అంతకంటె తగినది లేదు.

ప్రతిపదార్థం: అలలు లేని = పడవ వెనక లేచే వేక్ అణిగి ఉన్న; నీటిన్ = సరస్సు నీటిని; స్కీవాఁడు = తాడు పట్టుకొని అటూ ఇటూ కోసుకుపోయేవాడు; అడుగును = కోరును; కొండవంటి అలనున్ = గాలిలోకి ఎగరేసే ఎత్తయిన వేక్‌ను; బోర్డు = లక్షణచేత, బోర్డు మీద నిలిచినవాడు (‘మంచాలు అరుస్తున్నాయి’ అన్నప్పుడు అరిచేది మంచాలు కావు గదా); కోరున్ = కోరుకొనును; ఉభయులు = ఆ ఇద్దరూ; మురియంగన్ = సంతోషించేటట్లు; కొనెడివాఁడు = డబ్బు కట్టే తండ్రి; నీటన్ కొలిచి = నీళ్ల మీద నడిపి చూసి; కొనును = కొనుగోలు చేయును. ‘నోటఁ గొలిచి’ అనే పాఠాంతరం అమ్మకందార్ల సంప్రదాయంలో వినిపిస్తుంది. అది గ్రాహ్యం కాదు.

విశేషాలు: 1922లో మినసోటా రాష్ట్రంలోని పెపిన్ సరస్సు మీద 18 ఏళ్ల రాల్ఫ్ శామ్యూల్సన్ కొనలు వంచిన రెండు చెక్క పలకల మీద నిలబడ్డాడు. అతనికి కావలసింది లాగే పడవ ఒక్కటే. వేక్ ఎత్తు గురించిన తగాదా తర్వాతి తరాలది.

మొదటి పాదంలోని స్కీవాడి కోరిక అర్థం కావాలంటే స్లాలమ్ కోర్సు తెలియాలి. దాని పొడవు 259 మీటర్లు, అందులో స్కీవాడు చుట్టి రావలసిన ఆరు బోయాలు, అంటే నీటిపై తేలే గుర్తులు. పడవ నడిమి గీత వెంట నేరుగా పోతుంది, బోయాలు ఆ గీతకు 11.5 మీటర్ల దూరంలో ఉంటాయి. పురుషుల గరిష్ఠ వేగం గంటకు 58 కిలోమీటర్లు. ఆ వేగంతో కోర్సు 16.08 సెకన్లలో ముగుస్తుంది. 18.25 మీటర్లతో మొదలయ్యే తాడును గెలిచిన కొద్దీ కుదిస్తారు. 11.25 దగ్గరికి వచ్చేసరికి తాడు బోయా దాకా అందదు, మిగతా దూరం ఒళ్లు వాల్చి అందుకోవాలి. ఒక్కో బోయా నుంచి మరో బోయాకు పోతూ వేక్‌ను దాటేవాడికి అక్కడ ఎత్తయిన అల తగిలితే కాళ్లు చెదురుతాయి. 16 మీటర్ల తాడు దగ్గర చాలా పడవల వేక్ గట్టిగా తగులుతుందని స్కీ ఆడేవారిలో నానుడి. కాబట్టి పరీక్ష ఆ తాడుతో తప్పక చేయాలి.

బోర్డు వాడి లెక్క వేరు. వేగం గంటకు 35 కిలోమీటర్ల చుట్టుపక్కల చాలు. తాడును ఎత్తయిన టవర్‌కు కడతారు, పడవ వెనక భాగాన్ని నీళ్ల ట్యాంకులతో బరువెక్కిస్తారు. 500 లీటర్లు నింపితే 500 కిలోలు. మాలిబు పడవలకు వెడ్జ్ అనే రెక్క కూడా ఉంటుంది. అది నీటిలో దిగి వెనక భాగాన్ని కిందికి లాగి అలను పెంచుతుంది.

ఇక్కడ పూర్వపక్షి లేచి అడుగుతాడు: ట్యాంకులు ఖాళీ చేసి, రెక్క ఎత్తేస్తే అది స్కీ పడవే కాదా?

సిద్ధాంతి జవాబు: ట్యాంకు ఖాళీ అవుతుంది గాని ఇంజను ఖాళీ కాదు. డైరెక్ట్ డ్రైవ్‌లో ఇంజను పడవ నడుమ ఉంటుంది. బరువు సమంగా పరచుకొని వేక్ అణిగి ఉంటుంది, కూర్చునే చోటు మాత్రం పోతుంది. వీ డ్రైవ్‌లో ఇంజను వెనక్కి పోతుంది. నడుమ చోటు దొరికి ఇంటిల్లిపాదీ ఎక్కుతారు. ఆ బరువు వెనకే ఉండిపోతుంది కనుక వేక్ లేచే ఉంటుంది. స్కీ ఆటకే ముడిపడిన స్కీ నాటిక్‌ను కరెక్ట్ క్రాఫ్ట్ సంస్థ 1961 నుంచి తయారుచేస్తోంది. ఇంజను నడుమ ఉండడం ఆ పడవకు అలంకారం కాదు, ఆయువు.

నాలుగో పాదంలో ‘కొలిచి’ అన్న మాటకు పట్టు జనాభా లెక్కలో ఉంది. నడిపేవాడు కాక 70 కిలోల మనుషులు ఏడుగురు ఎక్కితే 490 కిలోలు, అంటే ఎవరూ నింపని ఒక ట్యాంకు. ఇద్దరితో నడిపి మెచ్చుకున్న పడవ ఎనిమిది మందితో మరో పడవ అవుతుంది. వేగం తగ్గితే వెనక భాగం దిగి వేక్ పెరుగుతుంది గనుక, నెమ్మదిగా స్కీ నేర్చుకొనే పిల్లవాడికే అల ఎక్కువ తగులుతుంది. స్కీవాడు పక్కకు లాగినప్పుడు పడవ ముక్కు తిరుగుతోందా, జీపీఎస్ వేగనియంత్రణ అదే వేగాన్ని నిలుపుతోందా అన్నవీ ఆ పరీక్షలోనే చూడాలి.

తాత్పర్యం: తాడు 11.25 దాకా కుదించే తండ్రి ఇంజను నడుమ ఉన్న పడవనే కొనాలి. పిల్లలు కావలసినప్పుడు నీళ్ల సంచులు పేర్చుకుంటారు. ఆదివారం పొద్దున 18.25తో నాలుగు మలుపులు తిరిగి కాఫీకి వచ్చేసే తండ్రికి వీ డ్రైవ్ చాలు. ఈ ఇద్దరిలో తాను ఎవరో ముందే ఒప్పుకోవడం మాత్రం తండ్రి పని. కవి ఆ ఊసు పద్యంలోకి రానివ్వలేదు.