వరిగడ్డి మహారాజు గారికి మెట్టవాళ్ల బహిరంగ లేఖ

ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట మండలాల కొట్టాలకు ఏకఛత్రాధిపతులైన వరిగడ్డి మహారాజు గారికి,

అయ్యా! వేసవి ముదిరితే చాలు, తమరు పెన్నా డెల్టా నుంచి లారీలెక్కి, రెండు పక్కలా పొంగిపొర్లుతూ మా మెట్టకు వేంచేస్తారు. ఎదురొచ్చిన బస్సు మార్జిన్‌లోకి దిగి దారివ్వాల్సిందే. అప్పు చేసైనా తమర్ని దింపుకుని బర్రె ముందు వేస్తాం. అది తింటుంది, తీరిగ్గా నెమరేస్తుంది, పాల దగ్గర మాత్రం ఎగ్గొడుతుంది.

బర్రెననేం లాభం? ఎండు బరువులో తమరి మాంసకృత్తులు 3, 4 శాతం. దాని కడుపులో పీచును అరగదీసే సూక్ష్మజీవులకు 7 శాతమైనా అందకపోతే పని సాగదు. మేత కదలదు. కడుపు నిండుగానే ఉంటుంది, వెన్నుపూసలు లెక్కపెట్టొచ్చు. పైగా తమలో అరగని సిలికా ఒకటి, మేతలోని కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వని ఆక్సలేట్లు ఒకటి.

మాకు వానలు తక్కువ, నిజమే. కురిసేదంతా చాలావరకు అక్టోబరు, డిసెంబరు నడుమే. జొన్నకు ఆ పదును చాలు. బెట్టకు ఆకు చుట్టుకుని ఆగిపోతుంది, చినుకు పడితే మళ్లీ లేస్తుంది. సజ్జ ఇంకా మొండిది. జొన్న మేతలో మాంసకృత్తులు 7, 8 శాతం. సాళ్ల మధ్య అలసంద వేస్తే దానిలో 16 దాకా. డీసీపల్లి వేలానికి వెళ్లే పొగాకుకు ఎకరాలిస్తాం, గొడ్డు తినే పైరుకు గట్టువార కూడా ఇవ్వం. అది మా తెలివి, తమరి తప్పేం లేదు.

జొన్నంటే ‘నాము’ అని తమరి ఆస్థానంలో బెదిరిస్తారు. ఆ భయం ఉత్తదేం కాదు. బెట్టకు వడలిన లేత పైరులో, కోశాక చిగిర్చిన పిలకల్లో హైడ్రోసయానిక్ ఆమ్లం ఉంటుంది. కడుపారా మేసిన గొడ్డు చూస్తుండగానే పడిపోతుంది. పూతకొచ్చాక కోస్తే ఆ గండం చాలా తగ్గుతుంది, పాతరేస్తే ఇంకా తగ్గుతుంది.

పాతరంటే మంత్రమేమీ కాదు. గింజ పాలు గట్టిపడే వేళ కోసి, అంగుళం ముక్కలు కొట్టి, గుంతలో పట్టా పరిచి పొరలుగా వేసి ట్రాక్టరుతో తొక్కించాలి. ఈ తొక్కించడంలోనే మనవాళ్లు బద్ధకిస్తారు. గాలి మిగిలితే బూజు. గాలి లేకపోతే పైరులోని చక్కెర లాక్టిక్ ఆమ్లమై మేతను చెడనివ్వదు. మట్టి కప్పి 45 రోజులకు తెరిస్తే పచ్చదనం పోయి గోధుమ పసుపు రంగు, ముక్కుకు పులుపు. జనవరిలో పూడ్చింది మే నెలలో బర్రె ముందుంటుంది. తమరొచ్చే లారీ కిరాయి మిగులుతుంది.

బ్రెజిల్‌లో మన ఒంగోలు సంతతి పశువులు ‘నెలోర్’ అని మా జిల్లా పేరే పెట్టుకుని, వాటికోసం పెంచిన గడ్డిబీళ్లలో మేస్తున్నాయి. ఆ పేరిచ్చిన జిల్లాలో మాత్రం ఏలుబడి తమరిది!

కనుక ప్రభువులు గద్దె దిగాలి. పూర్తిగా వద్దనడం లేదు, పీచు కావాలి కదా. ఇకమీదట వచ్చేటప్పుడు మాత్రం శిక్షణ పొంది రావాలి: వంద కిలోల తమకు నాలుగు కిలోల యూరియా యాభై, అరవై లీటర్ల నీళ్లలో కలిపి చల్లుతాం, పట్టా కింద 21 రోజులు కదలకుండా పడుకోవాలి. మాంసకృత్తులు 7 శాతానికి చేరితే, జొన్న పాతర పక్కన రెండో కుర్చీ ఖాయం.

ఇట్లు,
మెట్ట కొట్టాల బర్రెల తరఫున ఒక వకాల్తాదారు