పుచ్చు వంకాయలు

వీరులపాడు ఇంకా కృష్ణా జిల్లాలో ఉన్నప్పటి సంగతి. ఆ మండలం ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్ళింది 2022 ఏప్రిల్‌లో.

ఆ ఊళ్ళో ఒక రైతుకు నల్లరేగడిలో పత్తి, మిరప ఉండేవి. బోరు కింద అరెకరం వంగతోట వేసి కాయలు నందిగామ తోలేవాడు. ఇంటి వెనక దొడ్డి మాత్రం భార్యది. అందులో బెండ, గోరుచిక్కుడు, గోంగూర, పందిరి మీద బీర, గోడ వారన పన్నెండు వంగ మొక్కలు.

గిన్నెలు కడిగిన నీళ్ళు దొడ్డిలోకే పారేవి. పొయ్యిలో బూడిద జల్లెడ పట్టి, మంచు ఆరకముందే వంగ ఆకుల మీద చల్లేది. తడి ఆకును బూడిద పట్టుకుంటుంది. కోత కూడా ఆ వేళకే. బెండకాయ కొన విరిచి చూసేది. టక్కున విరిగితే కూరకు, వంగితే విత్తనానికి. బీరకాయను గోటితో నొక్కి చూసేది. వంకాయను మాత్రం చేత్తో లాగేది కాదు. లాగితే కొమ్మ చీలుతుంది. తొడిమ కాస్త ఉండేలా కొడవలితో కోసేది. పుచ్చులు వేరే తట్టలో వేసి గేదెకు పెట్టేది. మందు డబ్బా దొడ్డి గుమ్మం దాటనిచ్చేది కాదు.

తోటలో సంగతి వేరు. వంగకు కాయతొలుచు పురుగు పెద్ద శత్రువు. దాని కోసమే బీటీ వంకాయ తయారు చేశారు. 2010 ఫిబ్రవరిలో కేంద్రం దాన్ని ఆపేసింది. రైతుకు మిగిలింది పిచికారీ.

మందులన్నీ నందిగామలో ఒక కొట్టు నుంచి అప్పు మీద వచ్చేవి. కొట్టాయన చెప్పిందే లెక్క.

"బొక్క పడ్డ కాయ ఒక్కటి కనపడినా గంప ధర పడిపోద్ది. వారం వారం కొట్టు. మానొద్దు."

మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడకూడదని కేంద్రం 2005లోనే నిషేధించింది. డబ్బా మీద ఆ మాట అచ్చువేసి ఉండేది. పత్తికని రాసి ఇచ్చిన డబ్బాలు వంగతోట గట్టున కూడా తేలేవి.

ఒక ఆదివారం కొట్టాయన బాకీ అడగడానికి వీరులపాడు వచ్చాడు. మిరపకాయలు కల్లంలో ఆరుతున్నాయి, అమ్మగానే కడతానన్నాడు రైతు. మనిషిని ఉత్త చేతులతో పంపడం ఇష్టంలేక భార్య దొడ్డిలో కోసిన వంకాయలు సంచిలో పోసి ఇచ్చింది. నీలంగా, నిగనిగలాడుతున్న కాయలు.

ఆయన సంచిలో చూశాడు. పక్కనే ఉన్న తట్టలోకీ చూశాడు. సంచి బోర్లించి, తట్టలోవి ఏరుకోవడం మొదలుపెట్టాడు.

"అయ్యో, అవి పుచ్చులు అన్నయ్యగారూ. గేదెకని తీసి పెట్టాను."

"అవే ఇవ్వమ్మా. పురుగు ముట్టిందంటే మందు పడలేదనేగా. మనవరాలికి మొన్ననే అన్నప్రాసన చేశాం. ఇంట్లో పసిపిల్ల ఉన్నాక మంచి కాయ కొనాలంటే భయంగా ఉంది."

ఒక్కో కాయ ఎత్తి, బొక్క చూసుకుని సంచిలో వేసుకున్నాడు. బొక్క లేనిది ఒకటి వస్తే పక్కన పెట్టాడు. రైతు వసారాలో నిలబడి చూస్తున్నాడు.

వెళ్ళేముందు కొట్టాయన ఒక మాట చెప్పాడు. ఆదివారం ఆదివారం ఒక సంచి ఇలాంటివే పంపితే ఆ వారం వడ్డీ రాయడు.

సంచి వెళ్ళసాగింది. నెల తిరిగేసరికి వియ్యంకుడి ఇంటికి రెండోది అడిగాడు. తర్వాత పక్క కొట్టు ఆయనకు ఒకటి. ఆయనా పురుగుమందులే అమ్ముతాడు.

ఎండలు ముదిరాయి. మిరప టిక్కీలు గుంటూరు యార్డుకు పోయాయి. వచ్చిన డబ్బు అసలుకే చాలలేదు. దొడ్డిలో వంగ మొక్కలు వాడి, పూత రాలిపోయింది. ఆకులు పసుపెక్కాక భార్య బూడిద చల్లడం కూడా మానేసింది. బోరు కింద తోట మాత్రం కాస్తూనే ఉంది.

ఆదివారం సంచులు ఆగలేదు. సంచులు కట్టే పని ఆ వారం నుంచి రైతు తనే చూసుకున్నాడు.

నందిగామలో కొట్టాయన భార్య కత్తిపీట ముందు కూర్చుని అడిగింది.

"బొక్క ఉంది గానీ పురుగు కనపడదేంటి?"

ఆయన కాయ అందుకుని చూశాడు. బొక్క చుట్టూ కండ గోధుమరంగుకు తిరిగింది. ఈ పనిలో జుట్టు నెరిసిన మనిషి. విడమరచి చెప్పాడు. పురుగు లోపలికి దూరిన చోటు పూడిపోతుంది. ఎదిగాక కాయను తొలుచుకుని బయటికొచ్చి, కింద రాలిన ఆకుల్లో గూడు కట్టుకుంటుంది. మనకు కనపడే బొక్క అది వెళ్ళిపోయిన దారి. ఆయన చెప్పినదాంట్లో తప్పేమీ లేదు.

"పురుగు పోయింది, కాయ మిగిలింది. ఇంకా మంచిది. పిల్లకు మెత్తగా ఉడికించి పెట్టు" అన్నాడు.

తర్వాతి ఆదివారం తెల్లవారకముందే రైతు వసారాలో దీపం వెలుగుతోంది. ముందు రోజు సాయంత్రం తోటలో కోసిన కాయలు గోనెపట్టా మీద కుప్పగా ఉన్నాయి. మూడు సంచులూ బండికి కట్టాలని కొడుకును లేపాడు. పిల్లవాడు కళ్ళు నులుముకుంటూ వచ్చి, తండ్రి చేతిలోకి చూసి అడిగాడు.

"టిక్కీలు కుట్టడం ఎప్పుడో అయిపోయిందిగా నాన్నా, దబ్బనం ఎందుకు?"