హైదరాబాదు అంటకుండా పీజీ చేయడం ఎలా?

గిద్దలూరు నుంచి ఏటా కొందరు పిల్లలు పెట్టె సర్దుకుని హైదరాబాదు బయల్దేరతారు. ఉస్మానియాలోనో, దాన్ని ఆనుకుని ఉన్న భాషల యూనివర్సిటీ ఇఫ్లూలోనో, గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీలోనో సీటొచ్చి ఉంటుంది. సీటు తెచ్చుకోవడం ఎలాగో చెప్పడానికి సందుకో కోచింగ్ సెంటరుంది. వచ్చాక రెండేళ్లపాటు ఆ నగరం ఒంటికి అంటకుండా, వెళ్లినవాడు వెళ్లినట్టే తిరిగి రావడం ఎలాగో చెప్పే నాథుడే లేడు. మన వైపు ఈ విద్యలో ఆరితేరినవాళ్లకు కొదవ లేదు కాబట్టి, వాళ్ల దగ్గర చూసి నేర్చుకున్నది కొత్త బ్యాచి కోసం రాసి పెడుతున్నాను.

జాగ్రత్త ప్రయాణంతోనే మొదలవ్వాలి. రాత్రి బస్సే ఎక్కు నాయనా. తెల్లారేసరికి ఎంజీబీఎస్‌లో దించుతుంది. ఆ బస్టాండు మూసీ మధ్యలో ఉంది గనక దిగీ దిగగానే ముప్పు నాలుగు వైపులా పొంచి ఉంటుంది. ఒక ఒడ్డున అఫ్జల్‌గంజ్‌లో స్టేట్ సెంట్రల్ లైబ్రరీ, 1891లో ఆసఫియా లైబ్రరీగా పుట్టింది అదే. పక్కనే ఉస్మానియా ఆసుపత్రి. అవతలి ఒడ్డున హైకోర్టు, సాలార్‌జంగ్ మ్యూజియం. అన్నీ నడిచి వెళ్లేంత దూరమే. 1908లో మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకున్నాక ఈ ఒడ్ల రూపురేఖలు ఎలా మారాయో చెప్పడానికి కూడా ఎవరో ఒకరు తయారుగా ఉంటారు. నువ్వు మాత్రం అటూ ఇటూ చూడొద్దు. సూట్‌కేసు గట్టిగా పట్టుకుని ‘తార్నాకకు ఎంత?’ అని ఆటోవాణ్ని అడుగు. మూసీ ఒడ్డున నువ్వు అడగాల్సిన ప్రశ్న అదొక్కటే.

సాలార్‌జంగ్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది అక్కడే జారిపోతారు. అక్కడో గడియారం ఉంది. అందులో ఒక బుల్లి కమ్మరి, సుత్తి దెబ్బ ఆపకుండా క్షణాలు లెక్కపెడుతూ ఉంటాడు. గంట కావస్తోందంటే జనం వచ్చి ఎదురుగా సర్దుకుని కూర్చుంటారు, పిల్లలు ముందుకు తోసుకొస్తారు, ఫోన్లు పైకి లేస్తాయి. గంట కొట్టే వేళకు తలుపు తెరుచుకుని గడ్డపాయన ఒకడు బయటికొస్తాడు. గంట మోగిస్తాడు. పని అయిపోయిందన్నట్టు లోపలికి పోతాడు. పగలు పన్నెండింటికైతే ఇసుక వేస్తే రాలనంత జనం, పన్నెండు దెబ్బలు వినొచ్చని. ఇంకో చోట ముసుగు వేసుకున్న రెబెకా నిలబడి ఉంటుంది. బెంజోనీ అనే ఇటలీ శిల్పి చెక్కాడు. ముసుగూ పాలరాయే, మొహమూ పాలరాయే, అయినా ముసుగులోంచి మొహం కనిపిస్తుంది. రాయంటే మార్కాపురం పలకరాయే అనుకుంటూ పెరిగిన మన అమాయకత్వం అక్కడ చెడిపోతుంది. అందుకే ‘వచ్చే ఆదివారం పోదాంలే’ అనుకుంటూ ఉండు. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం ఇన్నేళ్లూ ఎదురుచూసిన ఊళ్లవాళ్లం, వాయిదా వేయడం మనకు ఇంకొకరు నేర్పాలా? మరీ వెళ్లక తప్పని పరిస్థితి వస్తే శుక్రవారం వెళ్లు. ఆ రోజు మ్యూజియానికి సెలవు.

ఇక హాస్టలు. గదిలో మనవాళ్లే ఉండేట్టు చూసుకో. ఒక కంభం అబ్బాయి, ఒక కొమరోలు అబ్బాయి, ఒక బేస్తవారిపేట అబ్బాయి కుదిరితే ఇక దిగులే లేదు. రాచర్ల గేటు దగ్గర ఎవరి షాపు ఎత్తేశారు, ఈసారి టికెట్ ఎవరికి అన్న చర్చతో రెండేళ్లు హాయిగా గడిచిపోతాయి. ఇఫ్లూలో అయితే మరీ జాగ్రత్తగా ఉండాలి. అక్కడ కేరళ పిల్లలు, ఈశాన్య రాష్ట్రాల పిల్లలు ఉంటారు. పక్క గదిలో ఒకడు అరబ్బీ వల్లె వేస్తుంటాడు, ఇంకొకడు జపాన్ అక్షరాలు దిద్దుతుంటాడు. ‘నీ పేరు ఈ లిపిలో రాయనా?’ అని చనువుగా కాగితం తీస్తారు. మర్యాదగా నవ్వి ఊరి వాట్సాప్ గ్రూపు తెరుచుకో.

తిండి విషయంలో పెద్దగా చెప్పేదేమీ లేదు. మెస్సు సాంబారును తిట్టడం అన్ని క్యాంపస్‌లలోనూ సిలబస్‌లో భాగమే. విశేషమేమిటంటే, దేశం మొత్తానికి ఏం తినాలో ఎంత తినాలో చెప్పే జాతీయ పోషకాహార సంస్థ ఉస్మానియా పక్కనే ఉంది. 1918లో కూనూరులో మొదలై 1958లో ఇక్కడికి తరలి వచ్చింది. మెస్సులో పప్పు గరిటె ముంచినప్పుడు ఈ సంగతి గుర్తుచేసుకుంటే ఆకలి దానంతటదే సర్దుకుంటుంది. ఇరానీ హోటలుకు వెళ్తే ఫోన్ చూసుకుంటూ గబగబా తాగి లేచిరా. ఒక చాయ్ మీద గంటసేపు కూర్చుని కొత్తవాళ్లతో వాదించడం పాత తరంవాళ్ల జబ్బు.

తార్నాక, హబ్సిగూడ రోడ్డు మీద ఇంకో బెడద ఉంది. సీసీఎంబీ, ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ అనే పరిశోధన సంస్థలు వరసగా అక్కడే ఉన్నాయి. మామూలు రోజుల్లో గేటు దగ్గర గార్డు మనల్ని కాపాడతాడు. సెప్టెంబరు 26 వీటి మాతృసంస్థ సీఎస్‌ఐఆర్ స్థాపన దినం, దాన్ని పురస్కరించుకుని మాత్రం ల్యాబులు తెరిచి ఎవరినైనా రానిస్తారు. యూనిఫాంలు వేసుకున్న బడిపిల్లలు బారులు తీరి, మైక్రోస్కోపుల్లోకి తొంగి చూసి, సైంటిస్టులను అడ్డదిడ్డమైన ప్రశ్నలు అడుగుతుంటారు. ఎమ్మెస్సీ చదివేవాడివి, వాళ్ల మధ్య నిలబడితే నీకేం గౌరవం? ఆ వారం జ్వరం తెచ్చుకో.

తార్నాకలోనే స్టేట్ ఆర్కైవ్స్ కూడా ఉంది. 1800లో నిజాం దత్త మండలాలను ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చేసినప్పుడు మన కంభం సీమ కూడా ఆ మూటలో పోయింది. అలా ఇచ్చేసిన సర్కారువారి పాత దఫ్తరాలు, మొఘలుల నాటి ఫారసీ కాగితాలతో సహా, నీ హాస్టలుకు కూతవేటు దూరంలో కట్టలు కట్టి ఉన్నాయి. హిస్టరీ ఎమ్మే చేసేవాళ్లకు ఈ విషయం తెలియనివ్వకూడదు. వాళ్లకు గైడ్లు చాలు.

రాకపోకల మాటకొస్తే, 2017 నుంచి తార్నాకకు మెట్రో ఉంది. దాన్ని మాల్‌కూ, అమీర్‌పేటలో కోర్సుకూ మాత్రమే వాడు. అమ్మాయిలకు ఇంకో మంచి సాకు దొరికింది. తెలంగాణ ఆడవాళ్లకు 2023 డిసెంబరు నుంచి సిటీ బస్సుల్లో టికెట్ లేదు. ఆధార్‌లో గిద్దలూరు అని ఉన్న నీకు ఉంది. మన రాష్ట్రంలో 2025 ఆగస్టు నుంచి నీకూ ఉచితమే, కాకపోతే ఆ బస్సు తార్నాక రాదు. ఈ అన్యాయానికి నిరసనగా రెండేళ్లూ గది కదలకుండా ఉండొచ్చు. స్టూడెంట్ పాస్ అనేదొకటి ఉంటుందని ఎవరైనా అంటే వినపడనట్టు నటించు.

ఆదివారం గండం గడిచేది నిద్రతోనే. ఆ రోజు అబిడ్స్‌లో షట్టర్లు దించిన షాపుల ముందు, ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. అట్ట ఊడిన రష్యన్ అనువాదాల పక్కన ఇంజనీరింగ్ పుస్తకాలు, వాటి కింద ఎప్పటివో వారపత్రికలు. మొదటి పేజీలో ఎవరో ఇంకుతో రాసుకున్న పేరు, ఏదో కాలేజీ ముద్ర. సగం ధర అడిగితే అమ్మేవాడు మొహం తిప్పుకుంటాడు, నాలుగడుగులు వేస్తే వెనక్కి పిలుస్తాడు. పది గంటలదాకా మంచం దిగకపోతే ఈ బేరాల గొడవ తప్పుతుంది. మధ్యాహ్నం మెస్సులో చికెన్ ఎలాగూ ఉంది. దగ్గర్లోనే సుల్తాన్‌బజార్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఉందని, నిజాం పాలనలో తెలుగు చదువుకోవడమే గగనమైన రోజుల్లో, 1901లో, దాన్ని పెట్టారని తెలిస్తే మనసు పాడవుతుంది. తెలుసుకోకు. బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో పాత తెలుగు పత్రికలున్నాయి, రవీంద్రభారతిలో పైసా టికెట్ లేని సభలు జరుగుతుంటాయి, బంజారాహిల్స్ లమకాన్‌లో నాటకమో పాటో వాదనో ఏదో ఒకటి నడుస్తూ ఉంటుంది. డబ్బు ఖర్చు కాని చోటుకు వెళ్తే హైదరాబాదులో ఉన్నట్టు ఇంట్లో ఎవరు నమ్ముతారు?

ఫొటోలు మాత్రం మానొద్దు. 1939 నాటి ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ముందు గులాబీ రంగు గ్రానైటు బాగా పడుతుంది. మెట్ల మీద నిలబడు, నవ్వు, స్టేటస్ పెట్టు. లోపలికి వెళ్లే పని లేదు.

ఇలా జాగ్రత్తగా గడిపి ఊరికొచ్చాక, హైదరాబాదు ఎలా ఉందని ఎవరడిగినా ‘ట్రాఫిక్కు’ అంటే సరిపోతుంది. నగరాల గురించి ఇంతకంటే ఎక్కువ చెప్పినవాణ్ని మన వైపు ఎవరూ నమ్మరు. ఈ చదువుకు ఉద్యోగం గ్యారంటీ ఇవ్వలేను గానీ, అన్ని మాటలూ తు.చ. తప్పకుండా పాటిస్తే గిద్దలూరులోనే ఉండి దూరవిద్యలో చదివినవాడికీ నీకూ తేడా కనిపెట్టడం ఎవరి తరమూ కాదు. హాస్టలు ఫీజు ఒక్కటే తేడా.

చివరగా నాన్నలకు, ఈ ఒక్క మాట వెక్కిరింత కాదు. ఫోన్ చేసినప్పుడల్లా మగపిల్లవాణ్ని ‘డబ్బులున్నాయా?’ అని అడుగుతారు, ఆడపిల్లను ‘గదిలోనే ఉన్నావా?’ అని అడుగుతారు. అంత దూరం పంపడానికి ఒకసారి గుండె చేసుకున్నారు కదా, ఇంకొంచెం చేసుకోండి. ఈ నెల ఆ అమ్మాయికి ఒక మూడొందలు ఎక్కువ పంపి, ఆదివారం పొద్దున్నే అబిడ్స్ వెళ్లి రమ్మని మీరే చెప్పండి.