మంచం కింది పెట్టె

ఆత్మకథ అన్నాక ‘నేను’ అని మొదలుపెట్టాలంటారు. ఈ ట్రంకు పెట్టెకు ఆ అలవాటు కాలేదు. నలుగురు కుర్రాళ్ళున్న హాస్టల్ గదిలో బతుకు మొదలైంది దీనిది. ‘‘పెట్టె జర జరుపు’’, ‘‘పెట్టె మీద కూసో’’, ‘‘పెట్టె తాళంచెవి ఏడ పెట్టినవ్‌రా’’ అని పొద్దస్తమానం వినీ వినీ, తన సంగతి తాను చెప్పుకునేటప్పుడు కూడా ‘పెట్టె’ అనే అంటుంది.

పుట్టుక గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. జింకు పూత పూసిన ఇనుప రేకు, మూలల్లో మడతలు, చుట్టూ రివెట్లు, ముందు గడియ, పక్కలకు రెండు కడియాలు. హైదరాబాదు బేగంబజార్‌లో ఒక దుకాణం ముందు పేర్చిన వరసలో కింది నుంచి రెండోది. 1983 జూలైలో నల్గొండ జిల్లా నుంచి వచ్చిన ఒక తండ్రి మూత మీద వేళ్ళతో కొట్టి చూసి, ‘‘రేకు పల్చగున్నది’’ అని బేరమాడి కొన్నాడు. పల్చన అన్నది బేరం కోసం అన్న మాట. ఆ రేకు నలభై ఏళ్ళు దాటినా నిలిచే ఉంది. పక్కనే కూర్చున్న పెయింటరు మూత మీద తెల్ల ఎనామిల్‌తో కొడుకు పేరు రాసి, దాని కింద ‘ఎం.ఏ. మొదటి సంవత్సరం’ అని వేశాడు. మరుసటి ఏడు ఆ ‘మొదటి’ తప్పయిపోతుందని తండ్రీకొడుకులు, పెయింటరు ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

గది 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు. అందులో 6 అడుగులకు 3 అడుగుల ఇనుప మంచాలు నాలుగు. లెక్క కడితే 120 చదరపు అడుగుల్లో 72 మంచాలకే పోయాయి. మిగిలిన 48లో రెండు బల్లలు, తలుపు తెరుచుకునే జాగా, నీళ్ళ కూజా, బకెట్లు, నలుగురు మనుషులు. తలమీద దండెం, దాని మీద ఆరీ ఆరని లుంగీలు. గది సర్దుకోవడమంటే అక్కడ అందం ముచ్చట కాదు, చోటు ముచ్చట. మొదటిరోజే ఇంకో చిక్కు తేలింది. మంచం కిందికి పెట్టె పట్టలేదు. ఆ రాత్రి పక్కన కడుతున్న బిల్డింగు దగ్గర కొన్ని ఇటుకలు మాయమయ్యాయి. తెల్లారేసరికి మంచం కోళ్ళన్నీ ఇటుకల మీద నిలబడ్డాయి, పెట్టె లోపలికి వెళ్ళింది. ఇప్పుడు మంచం ఎత్తు పెంచడానికి ప్లాస్టిక్ దిమ్మలు ఆన్‌లైన్లో డబ్బులిచ్చి కొంటున్నారట. కొననీ.

పెట్టె కిందే ఉందా అంటే, రాత్రిపూట మాత్రమే. పగలు బయటికి లాగితే అదే కుర్చీ. దుప్పటి పరిస్తే ఇస్త్రీ బల్ల. పరీక్షల ముందు రాత బల్ల, ఆదివారాలు క్యారమ్స్ బోర్డుకు పీట. ఊరి నుంచి చుట్టాలొస్తే పక్కగది పెట్టెను కూడా తెచ్చి రెండూ కలిపి, పైన బొంత వేసి మంచం చేసేవాళ్ళు. ప్యాంట్లకు మాత్రం ఇస్త్రీ బల్ల అక్కర్లేదు. మడత పెట్టి పరుపు కింద వేసి పడుకుంటే పొద్దుటికి కత్తిలాంటి మడత. ఈ పనులకు పెట్టె ఏనాడూ విసుక్కోలేదు. విసుక్కున్నది గదిలోని ఆదిలాబాద్ అబ్బాయి మీదే. అతను మూత మీద తబలా వాయించేవాడు, తాళజ్ఞానం సున్నా.

పెట్టె గొప్పలు చెప్పుకోవలసిన చోటు ఒకటుంది. నల్లులు. మంచాల ఇనుప కీళ్ళలో, పరుపు కుట్లలో, కుర్చీ బెజ్జాల్లో, చివరికి గోడకు అంటించిన పోస్టర్ల వెనక కూడా అవి కాపురం పెట్టాయి. నున్నటి రేకు మీద మాత్రం నల్లికి కాలు నిలవదు, జారిపోతుంది. అందుకే ఇంటికి వెళ్ళే ముందురోజు నలుగురూ ఉతికిన బట్టలు ఈ పెట్టెలోనే దాచుకునేవాళ్ళు. ఎవరి ఇంటికీ నల్లిని మోసుకుపోయిన పాపం దీనికి లేదు.

ఇక గోడ. ఆ ఏడు గోడకు పనెక్కువ. జూన్ 15న శ్రీశ్రీ పోయాడు. వరంగల్ అబ్బాయి అప్పుడే పేపర్లోంచి కత్తిరించి దాచుకున్న ఫొటోను వస్తూనే తన తల వైపు అంటించాడు. జూన్ 25న లార్డ్స్‌లో 183 పరుగులే చేసి, వెస్టిండీస్‌ను 140కి పడగొట్టి కపిల్‌దేవ్ కప్పు ఎత్తాడు. మహబూబ్‌నగర్ అబ్బాయి కపిల్ రంగుల బొమ్మను శ్రీశ్రీ పక్కనే పెట్టాడు. అక్టోబరు 28న ‘ఖైదీ’ విడుదలైంది. ఆదిలాబాద్ అబ్బాయి అర్ధరాత్రి వెళ్ళి, జిగురు ఆరని వాల్‌పోస్టరును గోడ మీంచి ఒలుచుకొచ్చాడు. అంత పెద్ద చిరంజీవి పట్టాలంటే ఎవరో ఒకరు జరగాలి. మూడు రాత్రులు చర్చ నడిచింది. శ్రీశ్రీ జరగడని వరంగల్, కపిల్ జరగడని మహబూబ్‌నగర్. చివరికి చిరంజీవి సగం గోడ మీద, సగం కిటికీ రెక్క మీద స్థిరపడ్డాడు. కిటికీ తెరిచినప్పుడల్లా ముఖం రెండు ముక్కలయ్యేది. అంటించింది మెస్సులోని అన్నం మెతుకులతో. ఆ రుచి తెలిసిన చీమలు శ్రీశ్రీ గడ్డం కింద బారులు కట్టాయి.

పెట్టె యజమాని గోడ తగాదాలో తల దూర్చలేదు. అతనికి గోడలో వాటా అక్కర్లేకపోయింది. ఎందుకంటే పెట్టె మూత లోపలి వైపు అతనిది.

మూత ఎత్తితే కనబడేది, దించితే మాయమయ్యేది. మూడడుగుల పొడవున్న ఆ రేకు మీద అతను మెల్లమెల్లగా ఒక ఇల్లు కట్టుకున్నాడు. పైన మూలకు వేంకటేశ్వరస్వామి చిన్న పటం, వాళ్ళమ్మ పెట్టి పంపింది. దాని కింద ఊరికి వెళ్ళే బస్సుల టైములు, పెన్సిలుతో. పక్కన సినిమా వారపత్రికలోంచి కత్తిరించిన ఒక హీరోయిన్. పేరెందుకు, ఇప్పుడు ఆయనకు అరవై దాటాయి. ఆ బొమ్మ మీద ఒక క్యాలెండర్ కాగితం మడిచి అంటించి ఉండేది, మూత తెరిచినప్పుడు తలుపులోంచి వాళ్ళ బాపు వస్తే దించడానికి వీలుగా. అట్టడుగున చేబదుళ్ళ లెక్క: ఎవరికి ఎంత, తీరింది ఎంత. గదిలో నలుగురున్నా, ఎవరి బాకీ ఎంతో మూత తెరిచినవాడికే తెలిసేది. కుర్రాళ్ళు గదిని అలంకరించుకోవడమంటే పోస్టర్లు అంటించడమని వార్డెన్ అనుకునేవాడు. అసలు అలంకారం తాళం కింద ఉండేది. పదిమందీ చూసే గోడను ఎవరైనా నింపుతారు, తానొక్కడే చూసుకునే చోటును అంత శ్రద్ధగా నింపుకోవడంలోనే అతని గది అతనికి దొరికిందని పెట్టె అభిప్రాయం.

హాస్టల్ గది ఎంత సర్దుకున్నా మనది కాదన్న సంగతి హైదరాబాదు నగరానికి కొత్త కాదు. 1938లో ఉస్మానియా హాస్టళ్ళలో వందేమాతరం పాడవద్దన్నందుకు విద్యార్థులు ఎదురుతిరిగారు. వందలమందిని చదువు నుంచి తొలగించారు. చాలామందిని నాగపూర్ విశ్వవిద్యాలయం చేర్చుకుంది. అలా అక్కడికి వెళ్ళి చదివినవారిలో పి.వి. నరసింహారావు ఒకరు. ఆ కథ చెప్పుకుంటున్నప్పుడు కుర్రాళ్ళు పాటల గురించి మాట్లాడుకునేవాళ్ళు. మంచం కింద వింటున్న పెట్టె మాత్రం, అంతమంది పెట్టెలు ఏ రైల్లో ఎలా వెళ్ళాయో అని ఆలోచించేది.

1985లో గది ఖాళీ అయింది. మేకుల బెజ్జాలు కనబడితే వార్డెన్ డబ్బులు పట్టుకుంటాడని, సున్నం గోడలోని చిల్లులన్నిటినీ తెల్ల టూత్‌పేస్టుతో పూడ్చారు. కపిల్ చుట్టచుట్టుకుని వెళ్ళాడు. చిరంజీవి చిరిగిపోయాడు. శ్రీశ్రీని అక్కడే వదిలేశారు, ఒలిస్తే పెచ్చు ఊడుతుందని.

తర్వాత ఉద్యోగం, పెళ్ళి, పెళ్ళితో పాటు ఇంటికొచ్చిన బీరువా. బీరువాకు అద్దం ఉంది, లాకరుంది, నున్నటి రంగుంది. పెట్టెను సజ్జ మీదికి ఎక్కించారు. ఎక్కించేటప్పుడు ‘‘మళ్ళ పనికొస్తది’’ అన్నాడు యజమాని. సజ్జ మీదికి వెళ్ళే ప్రతి సామానుకూ చెప్పే మాటే అది. ఒకవైపు వినాయకచవితి పాలవెల్లి, ఇంకోవైపు పనిచేయని టేబుల్ ఫ్యాన్, మీద ఒక సిమెంటు సంచి. ఏడాదికోసారి పాలవెల్లి దిగి, పూజ చేసుకుని, పత్రి వాసనతో తిరిగొచ్చేది. పెట్టెకు ఆ భాగ్యమూ లేదు. లోపల దాచిన డిగ్రీ నోట్సుల్ని ఎవరూ అడగలేదు. పైకప్పు మూలనుంచి వానాకాలం ఒక్కో చుక్క పడేది, సరిగ్గా పెట్టె అడుగు మూలకు జారేది. అక్కడే బస్సు టాపు మీద పడ్డ పాత గీత ఒకటుంది. గీత పడ్డచోట చుట్టూ ఉన్న జింకు ముందు తాను కరిగిపోతూ ఇనుమును కాపాడుతుంది. జింకు ఎన్నేళ్ళని కాపాడుతుంది? అది అయిపోయాక ఎర్రటి పొడి రాలడం మొదలైంది. ఇల్లాలు ఊడుస్తూ ‘‘ఇదేం పొడి?’’ అని పైకి చూసేది. చూసి ఊరుకునేది.

2016లో ఒక పొద్దున సిమెంటు సంచి పక్కకు జరిగింది. కూతురికి ఊరవతల ఇంజినీరింగ్ కాలేజీలో సీటు, హాస్టల్లో త్రీ షేరింగ్ గది. ‘‘డాడీ, ఎవరైనా చూస్తే నవ్వుతారు. ట్రాలీ బ్యాగ్ ఉంది కదా’’ అంది అమ్మాయి. ‘‘బ్యాగుకు జిప్పు ఉంటదమ్మా, దీనికి తాళం ఉంటది’’ అన్నాడాయన. గదిలో ఇద్దరికొక కప్‌బోర్డు, దానికి గడియ ఊడిపోయి ఉంది. ఆ ఊడిన గడియ పుణ్యమా అని పెట్టెకు మళ్ళీ మంచం కింద చోటు దొరికింది.

అయితే అవమానం తప్పలేదు. వచ్చిన వారంలోనే అమ్మాయి దానికి చలువరాయి గీతలున్న స్టిక్కరు కాగితం చుట్టూ అతికించింది. ‘ఎం.ఏ. మొదటి సంవత్సరం’ కనుమరుగైంది. పైన ఒక కుషన్, కుషన్ మీద ఒక బొమ్మ ఎలుగుబంటి. చూసినవాళ్ళు ‘‘ఎంత క్యూట్‌గా ఉంది’’ అనేవాళ్ళు. వెనకటికి పెట్టెను ఆ మాట అన్నవాళ్ళెవరూ లేరు, కాబట్టి కొంచెం సంతోషించిన మాటా నిజమే. స్టిక్కరు లోపలికి చేరిన చెమ్మకు బయటికి దారి లేక తుప్పు తన పని తాను చేసుకుపోయిందన్నది తర్వాతి సంగతి.

ఈ గదిలో గోడకు మేకు కొట్టకూడదు, జిగురు పూయకూడదు. అందుకని గోడ పాడవకుండా ఊడొచ్చే అంటుడు పట్టీలు, వాటికి కొక్కేలు. పెళ్ళి పందిళ్ళకే పరిమితమనుకున్న సీరియల్ లైట్లు మంచం చుట్టూ అల్లుకున్నాయి, ఫోన్ ఛార్జరుకు తగిలిస్తే చాలు, 5 వోల్టులతో వెలుగుతాయి. నీళ్ళ హీటరు కనబడితే పట్టుకుపోయే వార్డెనమ్మ వీటి జోలికి రాలేదు. దారానికి చిన్న చిన్న క్లిప్పులతో ఫొటోలు, అద్దం అంచున రాత్రి తీసి అంటించిన బొట్టుబిళ్ళలు, కిటికీలో గాజు సీసా, సీసాలో మనీప్లాంటు. ఎక్కడో పసిఫిక్ సముద్రంలోని మోరియా దీవిలో పుట్టిన జాతి అది. మట్టి లేకున్నా, ఎండ సరిగ్గా తగలకున్నా నీళ్ళలోనే బతికేస్తుంది. హాస్టల్ మెస్సు తిండికి అంతకన్నా తగిన ప్రాణి లేదు.

పెట్టెకు ఆశ్చర్యం కలిగించింది ఇంకొకటి. అమ్మాయికీ ఒక మూత ఉన్న వస్తువుంది. ల్యాప్‌టాప్. దానికి తను బొమ్మల స్టిక్కర్లు అంటించింది, అయితే మూత బయటివైపు. నాన్న లోపల దాచుకున్నవాటిని కూతురు బయటపెట్టుకుంది. పెట్టె మూత లోపల పాత టైముల పట్టిక ఇంకా కనబడుతూనే ఉంది. అమ్మాయి ఒకసారి దాన్ని ఫొటో తీసి నాన్నకు పంపింది. హీరోయిన్ బొమ్మ సంగతి అమ్మకు చెప్పొద్దని ఆయన జవాబు పంపాడు.

2020 మార్చి మధ్యలో కాలేజీలు మూసేశారు. 31 దాకా సెలవులన్నారు. రెండు వారాలే కదా అని అమ్మాయిలు రెండేసి జతల బట్టలు తీసుకుని పరుగెత్తారు. లైట్లు గోడ మీదే ఉన్నాయి. సీసాలో నీళ్ళు పోయలేదు. 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. ఏప్రిల్ ఎండలకు సీసా ఎండింది, ఆ మోరియా మొక్క కూడా చచ్చిపోయింది. ఎలుకలు పరుపు కొరికాయి, కుషన్ కొరికాయి, ఎలుగుబంటి చెవి కొరికాయి. పెట్టెలోని సర్టిఫికెట్ల ఫైలును మాత్రం ముట్టలేకపోయాయి. తబలా దెబ్బలు తిన్న రేకు ఎలుక పళ్ళకు లొంగుతుందా? వానాకాలం వెళ్ళాక తాళాలు తీశారు. ఎవరి సామానో చూసుకోకుండా అన్నీ వరండాలో గుట్టపోశారు. నాన్న మాస్కు కట్టుకుని వచ్చి, తడిసి వేలాడుతున్న చలువరాయి కాగితాన్ని అక్కడే ఒలిచి పారేశాడు. కింద తన పేరు కనబడితే కాసేపు అలాగే నిలబడ్డాడు.

ఇప్పుడు పెట్టె అపార్టుమెంటు మెట్ల కింద ఉంది. పైన చెప్పులు విడుస్తున్నారు. మైకులో ‘‘పాత ఇనుప సామాన్లు కొంటాం’’ అని అరుచుకుంటూ ఆటో వారానికి రెండుసార్లు వస్తుంది. ‘‘ఇచ్చేయండి డాడీ, జాగా అయినా మిగులుతుంది’’ అంటోంది బెంగళూరు నుంచి అమ్మాయి. ఆటోవాడు కిలో లెక్కన ఒక ధర చెప్పాడు. ఆ ధర ఇక్కడ చెప్పుకోవడం పెట్టెకు ఇష్టం లేదు.

పెట్టెల కాలం పోయిందనుకుంటే పొరపాటు. పి.వి. ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో సర్వేల్ అనే ఊళ్ళో మొదలైన గురుకుల బడుల వరస ఇవాళ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ విస్తరించింది. గురుకులాలు, సంక్షేమ హాస్టళ్ళలో పిల్లల మంచాల పక్కన ఇప్పటికీ కనబడేవి రేకు పెట్టెలే. కాబట్టి ఒక మనవి. పొడవు 36 అంగుళాలు, వెడల్పు 20. మూత వెనక రెండు రివెట్లు ఊడాయి, రేకు పనివాడు పది నిమిషాల్లో వేస్తాడు. అడుగు మూల తుప్పు గీకి రెడాక్సైడ్ పూయాలి. పైన రాసిన పేరు మీద కొత్త పేరు రాసుకోవచ్చు, లోపలి పాత కాగితాలు గీకేసుకోవచ్చు. ఈ జూన్‌లో హాస్టల్‌కు వెళ్ళే పిల్లలెవరైనా మీ ఇంట్లో ఉంటే, ఆటో వచ్చేలోగా వచ్చి తీసుకెళ్ళండి. తాళంకప్ప మాత్రం మీరే కొనుక్కోవాలి.