అత్తసొమ్ముకు చప్పట్లు

తుపాను వచ్చిందంటే తెలుగునాట మూడు పనులు జరిగి తీరాలి. రేవుల్లో ప్రమాద సూచిక ఎగరాలి. ముఖ్యమంత్రి హెలికాప్టరు ఎక్కాలి. సినిమావాళ్లు మేకప్పు వేసుకోవాలి. మొదటి రెండూ గాలి తగ్గితే ఆగిపోతాయి. మూడోదానికి మాత్రం డేట్లు కుదరాలి కాబట్టి కాస్త ఆలస్యమవుతుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను ఊడ్చిపారేసింది. నవంబరు 30 నాటికి డేట్లు కుదిరాయి. హైదరాబాదు అన్నపూర్ణ స్టూడియోలో పరిశ్రమ అంతా చేరి ‘మేము సైతం’ అంటూ 12 గంటల టెలిథాన్ నడిపింది. ఆటలన్నారు, పాటలన్నారు, క్రికెట్టన్నారు. కప్పు ఎగిరిపోయిన ఇళ్లవాళ్ల కోసం కప్పు కింద కూర్చున్నవాళ్లంతా ఆదివారం పూట హాయిగా నవ్వుకున్నారు. లెక్క తేలేసరికి 11 కోట్ల పైచిలుకు పోగయింది.

రాష్ట్ర ప్రభుత్వం చెప్పిన నష్టం దాదాపు 21,900 కోట్లు. అంటే నూరు రూపాయల నష్టానికి అయిదు పైసల సాయం. ఆ అయిదు పైసల బిళ్లను కేంద్ర ప్రభుత్వం 2011లోనే చెలామణిలోంచి తీసేసింది. మళ్లీ చెలామణిలోకి తెచ్చిన ఘనత మన తారలదే.

ఇచ్చినవాళ్లను తిట్టడమేమిటని మీరు కోప్పడవచ్చు. ఇచ్చినందుకు ఎవరినీ ఏమీ అనను. ఒక్క ఇల్లు లేచినా ఆ ఇంటివాళ్లకు అది కొండంత. నా పేచీ అల్లా చప్పట్ల లెక్కతో. ఎవరి సొమ్ముకు ఎవరు చప్పట్లు కొట్టించుకుంటున్నారన్నది ఆడిటరు చూడడు, యాంకరు అడగడు.

కోట్లలో ఆదాయమున్న తార ఒకరు ముఖ్యమంత్రి సహాయనిధికి కోటి రూపాయలు ఇచ్చారనుకోండి. అప్పటి ఆదాయపన్ను చట్టం 80జి సెక్షను కింద ఆ కోటికి నూటికి నూరు శాతం మినహాయింపు ఉండేది. ఆనాటి పై శ్లాబు లెక్కన, అడిగి పుచ్చుకుంటే దాదాపు 34 లక్షల పన్ను తగ్గేది. అంటే తార జేబులోంచి కదిలింది 66 లక్షలు. మిగతా 34 ఖజానావి, అంటే మీవీ నావీ. శాలువా మాత్రం ఒక్కరికే. అత్తసొమ్ము అల్లుడి దానమంటే ఇదే. కాకపోతే వెనకటి అల్లుడు అత్తగారింట్లో దానం చేసి ఊరుకునేవాడు, ఈ అల్లుడికి ప్రత్యక్ష ప్రసారం కావాలి.

అదే టెలిథాన్‌కు గాజువాక తాపీమేస్త్రీ వంద రూపాయలు పంపాడనుకోండి. ఆయనకు ఆదాయపన్ను కట్టేంత ఆదాయమే లేదు కనక మినహాయింపూ లేదు. వందకు వందా సొంత సొమ్మే. ఆ రోజు నూటికి నూరుపాళ్లు దానం చేసినవాడు ఆయనొక్కడే, ఆయన పేరేమో తెర అడుగున పాకే అక్షరాల్లో ఒక్క క్షణం మెరిసి పోయింది.

దివిసీమ గురించి చెప్పకపోతే సినీ పెద్దలు ఊరుకోరు. చెబుదాం. 1977 నవంబరు 19న అక్కడ ఉప్పెన వేల ప్రాణాలు మింగితే ఎన్టీ రామారావు, అక్కినేని నాగేశ్వరరావు జోలె పట్టి ఊళ్లు తిరిగారు. ఎండలో తిరిగారు, జనం మధ్య తిరిగారు. ఆ జోలెకు నమస్కారం. కానీ కథ అక్కడితో ఆపేయడం మనకు అలవాటు. అదే రామారావు 1983లో ముఖ్యమంత్రి అయ్యాక పేదలకు అన్నం పెట్టాలనుకున్నప్పుడు మళ్లీ జోలె పట్టలేదు. కిలో రెండు రూపాయల బియ్యానికి బడ్జెట్లో పద్దు రాశారు. జోలె దేనికి సరిపోతుందో, దేనికి చాలదో, జోలె పట్టినవాడికే బాగా తెలుసు. ఆయన వారసులమని చెప్పుకునేవాళ్లు జోలెను తీసుకున్నారు, పద్దును వదిలేశారు.

ఇక ఢిల్లీ సంగతి. ‘మేము సైతం’ ముగిసి మూడు నెలలు నిండకుండానే, 2015 ఫిబ్రవరి 28న, కేంద్ర బడ్జెట్టు సంపదపన్నును ఎత్తేసింది. 1957 నుంచి ఉన్న పన్ను అది. నగలు, కార్లు, పడవలు, విమానాలు, నగరంలో ఖాళీ స్థలాలు వగైరా కలిపి విలువ 30 లక్షలు దాటితే, దాటినదాని మీద ఒక శాతం. రాబడి తక్కువ, వసూలుకు శ్రమ ఎక్కువ అన్నారు. ఆ తక్కువ రాబడి 2013–14లో 1,008 కోట్లు. అంటే సుమారు 88 ‘మేము సైతం’లు. బదులుగా కోటి దాటిన ఆదాయం మీద మరో 2 శాతం సర్‌ఛార్జీ వేశారు, అది అంతకన్నా ఎక్కువే రాబడుతుందన్నారు. ఒప్పుకుందాం. కానీ జూబ్లీహిల్స్‌లో కొన్న స్థలం ధర పదింతలైనా, అమ్మేదాకా అది ఆదాయం కిందికి రాదు. నిద్రలో పెరిగే ఆస్తికి సర్‌ఛార్జీ తగలదు. 2022–23 నాటికి దేశ సంపదలో 40 శాతం పైనున్న ఒక్క శాతం మంది చేతిలో చేరిందని వరల్డ్ ఇనీక్వాలిటీ ల్యాబ్ అర్థశాస్త్రజ్ఞులు లెక్క కట్టారంటే చేరదూ మరి!

ఇలా మన దేశంలో రెండు రకాల వసూళ్లు స్థిరపడ్డాయి. మేస్త్రీ సెల్‌ఫోను రీచార్జి చేయించుకుంటే 18 శాతం జీఎస్టీ. అడగరు, బతిమాలరు, కోసేసుకుంటారు. కోటీశ్వరుడి ఆస్తి దగ్గరికి వచ్చేసరికి పాటలు పాడాలి, డాన్సులు చెయ్యాలి, మనసు కరిగేదాకా కాచుకోవాలి.

ఒక్క ఏడాది తారుమారు చేసి చూద్దాం. కోటీశ్వరులు సంపదపన్ను మార్చి 31లోగా కట్టాలి, ఆలస్యమైతే వడ్డీ. కెమెరాలుండవు, శాలువాలుండవు. మేస్త్రీ జీఎస్టీని మాత్రం ఐచ్ఛికం చేసి, టెలిథాన్ పెడదాం. “గాజువాక నుంచి మేస్త్రీగారు లైన్లో ఉన్నారు! రీచార్జి మీద 18 శాతం మనస్ఫూర్తిగా సమర్పించుకుంటున్నారు!” అని యాంకరు కేక పెడుతుంది. హీరోగారు ఫోనందుకుని “అన్నా, నీ మంచి మనసుకు దండం” అంటారు. హీరోయిన్ కళ్లు తుడుచుకుంటుంది.

ఇష్టానికి వదిలేస్తే కూలీవాడు కడతాడా అని ఆర్థికశాఖ వారికి అనుమానం రావచ్చు. అదే అనుమానం ఇన్నాళ్లూ కోటీశ్వరుల మీద ఎందుకు రాలేదో వారే సెలవియ్యాలి.