చిన్న ప్రభుత్వం, పెద్ద టోపీ

డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఫ్రిస్కోలో శనివారం పొద్దున్నే తలుపు కొట్టేవాళ్లు మూడు రకాలు: పార్సిల్ తెచ్చేవాడు, చీమల మందు కొడతానని బేరమాడేవాడు, ఓటడిగేవాడు. ఆ రోజు వచ్చింది మూడో రకం. కౌబాయ్ టోపీ, మెరుగుపెట్టిన బూట్లు, చంకలో కరపత్రాల కట్ట. టెక్సాస్ ప్రతినిధుల సభలో 150 సీట్లున్నాయి. అందులో ఒకదాని కోసం రిపబ్లికన్ ప్రైమరీలో నిలబడ్డ సంప్రదాయవాది. అక్కడ ఏ నియోజకవర్గంలో చూసినా ఇలాంటివాడు ఒకడు తగులుతాడు కాబట్టి, ఉత్త ‘అభ్యర్థి’ అంటే చాలు.

తలుపు తీసింది తెనాలి నుంచి వచ్చిన మామగారు, రిటైర్డ్ రెవెన్యూ ఇన్‌స్పెక్టర్. వెనకాల దుబాసీగా సాఫ్ట్‌వేర్ అల్లుడు.

“నేను కోరేది చిన్న ప్రభుత్వం. మా శాసనసభ రెండేళ్లకోసారి, 140 రోజులే కూర్చుంటుంది. జీతం నెలకు 600 డాలర్లు,” అన్నాడు అభ్యర్థి.

“ఆరువందలకు ఈయన ఇల్లెలా గడుస్తుందండీ అల్లుడుగారూ?”

“వేరే వ్యాపారం ఉంటుంది మామయ్యగారూ. లా ప్రాక్టీసో, రియల్ ఎస్టేటో.”

“అదీ సంగతి. మన ఎమ్మెల్యేల బాపతే.”

“చాలా సంతోషమంటున్నారు,” అని అల్లుడు ఇంగ్లీషులో సర్దేశాడు.

అభ్యర్థి హుషారెక్కాడు. టెక్సాస్‌లో ఆదాయపన్ను లేదు, దాన్ని వెయ్యకుండా 2019లో రాజ్యాంగంలోనే రాసేసుకున్నారు. ఇక ఇంటి పన్ను పని పట్టాలి. సొంత ఇంట్లో ఉండేవాళ్లకు స్కూలు పన్ను లెక్కలో ఇంటి విలువ నుంచి 40,000 డాలర్లు తీసేసేవారు. 2023లో అది లక్ష అయింది, 2025 నవంబరులో 1,40,000. “నన్ను గెలిపిస్తే అసలు పన్నే లేకుండా చేస్తా.”

శిస్తు మాట వినగానే మామగారిలోని ఆర్.ఐ. లేచి కూర్చున్నాడు. “బళ్లకు పడే ఆ లోటు ఎవరు పూడుస్తారు?”

“రాష్ట్ర ఖజానా.”

“ఖజానాకు ఎలా వస్తుంది?”

“పెద్ద భాగం అమ్మకపు పన్ను, మామయ్యగారూ. కూరగాయలు, బియ్యం లాంటివి వదిలేస్తే ఇక్కడ దాదాపు ఏది కొన్నా స్థానిక వాటాతో కలిపి 8.25 శాతం.”

“అంటే ఇల్లున్నవాడికి తగ్గించినదాంట్లో అద్దెకున్నవాడి డబ్బూ ఉందన్నమాట. అడగండి.”

అల్లుడు అడగలేదు. ఆయనకు సొంత ఇల్లుంది.

అభ్యర్థి కరపత్రం తిప్పాడు. “అధికారం ప్రజలకు దగ్గరగా ఉండాలి. స్థానిక నిర్ణయాలు స్థానికులవే.” ఇక్కడ మాత్రం అల్లుడు ఊరుకోలేకపోయాడు. ఆయన ఎమ్మెస్ చదివింది పక్కనే ఉన్న డెంటన్‌లో. గ్యాస్ కోసం నేలను పగలగొట్టే ఫ్రాకింగ్ మా ఊళ్లో వద్దని 2014 నవంబరులో డెంటన్ ఓటర్లు దాదాపు 59 శాతం మంది తీర్పిచ్చారు. 2015 వేసవి రాకముందే ఆస్టిన్‌లోని శాసనసభ చట్టం చేసి ఆ నిషేధాన్ని చెల్లకుండా చేసింది. “అదీ స్థానికుల నిర్ణయమే కదండీ?”

“అది వేరే విషయం,” అన్నాడు అభ్యర్థి. రాజకీయాల్లో ఈ మూడు ముక్కలకు దుబాసీ అక్కర్లేదు. మామగారు ముందే తలూపారు.

తరవాతది స్కూల్ చాయిస్. ప్రైవేటు బడికి వెళ్లే పిల్లలకు తలా సుమారు 10,000 డాలర్లు ప్రభుత్వమే ఇచ్చే చట్టం మీద గవర్నర్ గ్రెగ్ ఆబట్ 2025 మేలో సంతకం పెట్టారు. మొదటి కేటాయింపు వంద కోట్ల డాలర్లు. అంతకుముందు 2023 నవంబరులో ఈ పథకాన్ని పడగొట్టిన ఓట్లలో 21 రిపబ్లికన్లవే, ఎక్కువగా పల్లె ప్రాంతాలవాళ్లవి. మంచికో చెడుకో ఊరంతటికీ ఒకే ప్రభుత్వ బడి ఉన్నచోట చాయిస్ ఎక్కడిదన్నది వాళ్ల బాధ. వాళ్లలో చాలామందిని 2024 ప్రైమరీల్లో గవర్నరే దగ్గరుండి ఓడించారు.

“ఇది మన ఫీజు రీయింబర్స్‌మెంటే కదండీ! మన దగ్గర ఇస్తే ఉచితాలని తిడతారు.”

అల్లుడు దగ్గాడు. ఆయన బీటెక్ గట్టెక్కింది దానితోనే.

“తరగతి గదుల్లో పది ఆజ్ఞల పోస్టరు పెట్టాలనీ చట్టం చేశాం. కనీసం 16 అంగుళాల వెడల్పు, 20 అంగుళాల పొడవు,” అని అభ్యర్థి చేతులతో కొలత చూపించాడు. చిన్న ప్రభుత్వం అంగుళాల దాకా దిగిందని మామగారు గొణిగారు. అల్లుడు దీన్నీ అనువదించలేదు. తుపాకుల పేరా ఎవరూ చదవకుండానే పేజీ తిరిగింది.

“మరి మీ రెండు ఓట్లూ నాకే కదా?”

మామగారిది విజిటర్ వీసా. అల్లుడిది హెచ్1బీ, గ్రీన్‌కార్డు వరసలో ఉన్నాడు. ఇంట్లో పౌరసత్వం ఉన్నది ఒక్క మనవడికే. వాడు నాలుగో తరగతి.

పౌరులు మాత్రమే ఓటర్లని 2025 నవంబరులో రాష్ట్ర రాజ్యాంగంలో గట్టిగా రాసుకున్న సంగతి అభ్యర్థికి గుర్తొచ్చింది. కరపత్రం మెల్లగా వెనక్కి తీసుకుని పక్కింటికి నడిచాడు. ఇంటి పన్ను కట్టడానికి మాత్రం ఆ రాష్ట్రంలో పౌరసత్వం అడగరు. మామూలు గడువు జనవరి 31.