రెండు శాతం అన్నగారు

మా తోడల్లుడిని మీరు చూసే ఉంటారు. మావాడు ఫ్రిస్కోలో ఉంటాడు. మీవాడు ఎడిసన్‌లోనో, అట్లాంటా పక్కన కమ్మింగ్‌లోనో ఉండొచ్చు. ఊరు మారుతుంది గానీ మనిషి మారడు. సోమవారం నుంచి శుక్రవారం దాకా డేటాబేస్ ఉద్యోగి, శని ఆదివారాలు రియల్టర్. శుక్రవారం సాయంత్రం లాప్‌టాప్ మూసీ మూయగానే ఇస్త్రీ చొక్కా తొడుక్కుంటాడు. జేబులో విజిటింగ్ కార్డులు, ఫోన్‌లో దిక్సూచి, నోట్లో ఒకే ఒక్క మంత్రం: "తమ్ముడూ, 2 శాతం వెనక్కి!"

లెక్క తెలియనివాళ్ళ కోసం చెప్తాను. మా డాలస్‌కి ఉత్తరాన కొత్త ఇల్లు కొంటే, కొనేవాళ్ళ తరఫు ఏజెంటుకి బిల్డరు మామూలుగా 3 శాతం దాకా ఇస్తాడు. 6 లక్షల డాలర్ల ఇంటికి 18 వేలు. అందులో 12 వేలు మనకి వదిలేసి 6 వేలు తను ఉంచుకుంటానంటాడు. "అందులోనూ మా బ్రోకరుకి వాటా పోవాలి కదా" అనేటప్పుడు మాత్రం గొంతు కాస్త జీరపోతుంది. మనకి కళ్ళు చెమర్చాలి. ఎవరికీ చెమర్చగా నేను చూడలేదు.

ఆయన రాని శుభకార్యం లేదు. సీమంతానికి వస్తే "ఇక మూడు బెడ్‌రూములు చాలవమ్మా" అంటాడు. బారసాలకి వస్తే ఉయ్యాల్లో పిల్లని చూస్తూ స్కూల్ డిస్ట్రిక్టుల గురించి మాట్లాడతాడు. ఓసారి ఒకాయన తండ్రి పోయి, ఇండియా వెళ్ళి కర్మకాండలు ముగించుకుని వచ్చాడు. అందరం పరామర్శకి వెళ్ళాం. ఈయన కాసేపు మౌనంగా కూర్చుని, చివరికి మెల్లగా అడిగాడు: "అమ్మగారిని ఇక్కడికే తెచ్చేసుకుంటారా? అయితే కింద ఒక బెడ్‌రూము ఉండాలి." నాకు తల కొట్టేసినట్టయింది. (వాళ్ళు ఆరు నెలల్లో ఆయన దగ్గరే కొన్నారు, అది వేరే సంగతి.)

చట్టం విషయంలో మాత్రం అన్నగారు నిప్పు. తన తరఫున ఇల్లు కొనేవాళ్ళకి కమిషన్‌లో వాటా ఇవ్వడం టెక్సాస్‌లో తప్పు కాదు. కానీ లైసెన్సు లేనివాడు గిరాకీని పంపించాడని డబ్బు ముట్టజెప్పడం తప్పు. 50 డాలర్లకు మించని వస్తువేదైనా ఇచ్చుకోవచ్చు. అందుకే మనం ఎవరినైనా ఆయన దగ్గరికి పంపితే వారంలోగా మిఠాయి డబ్బా దిగుతుంది, అడుగున రసీదుతో సహా. మా ఆవిడ పెదనాన్నగారి అబ్బాయి అలబామాలో ఇల్లు కొంటున్నప్పుడు, అక్కడ రిబేటు ఇవ్వడానికి చట్టం ఒప్పుకోదని తెలిసి ఈయన రెండురోజులు అన్నం సరిగ్గా తినలేదు. "న్యూజెర్సీయే 2010లో మారింది, వీళ్ళకేం రోగం?" అని బాధపడ్డాడు.

2024 దసరాల్లో మేమూ ఇంటి వేటలో పడ్డాం. బేరాలు మొదలుకాకముందే కారు బానెట్ మీద కాగితాలు పరిచి, పెన్ను కూడా తనే ఇచ్చాడు. "ఏంటన్నయ్యగారూ, నాకూ అగ్రిమెంటా?" అన్నాను. అంతకు ముందు సంవత్సరం అక్టోబరులో కాన్సస్ సిటీలో జ్యూరీ తీర్పిచ్చిందనీ, ఆపైన రియల్టర్ల జాతీయ సంఘం 41 కోట్ల 80 లక్షల డాలర్లకు రాజీ పడిందనీ, ఆగస్టు 17 నుంచి సంతకం లేకుండా ఎవరికీ ఇల్లు చూపించకూడదనీ నిలబెట్టి చెప్పాడు. పక్కన పిల్లలు ఆకలని ఏడుస్తున్నారు. సంతకం పెట్టేశాను.

ఇక ఇప్పుడు నా సంగతి. సంతకానికి వారం ముందే వాట్సాప్‌లో ఇంకో ఏజెంటు 2.25 ఇస్తానన్నాడు. ఆ మెసేజీని మా ఆవిడకి ఊరికే చూపించాను. ఊరికే అంటే ఊరికే కాదు. మా ఆవిడ నుంచి వాళ్ళక్కకి, వాళ్ళక్క నుంచి ఆయనకి చేరడానికి 40 నిమిషాలు పట్టింది. ఫోన్ చేసి "పావు శాతం కోసమా, తమ్ముడూ?" అన్నాడు. పావు శాతమంటే 1,500 డాలర్లు. "అయ్యో, అదేం లేదన్నయ్యగారూ" అన్నాను. అగ్రిమెంటులో 2.25 అనే రాసుకొచ్చాడు. నేను వద్దనలేదు.

ఆ డబ్బు గుట్టుచప్పుడు కాకుండా చేతికిచ్చేస్తే బావుంటుందని కూడా అడిగి చూశాను. ఆయన మొహం ఎర్రబడింది. "లోను ఇచ్చేవాడికి చెప్పకుండా పైసా ఇవ్వను. క్లోజింగ్ కాగితాల్లో కనపడాల్సిందే. అయినా ఐఆర్ఎస్ కూడా దాన్ని ఆదాయమనదు, ఇంటి ధరలో తగ్గింపంటుంది. దాచుకోవడానికి నీకేం కర్మ?"

నిజం చెప్పాలంటే, మాకు నచ్చిన మొదటి ఇంటిని కొననివ్వనిది ఆయనే. తూర్పు ముఖం, ఈశాన్యం ఖాళీ, మా ఆవిడ అప్పుడే తులసికోట ఎక్కడ పెట్టాలో చూసుకుంటోంది. ఆయన పెరటి గోడ మీద నుంచి తొంగిచూసి, హైటెన్షన్ తీగలు చూపించి, "వద్దు, అమ్మేటప్పుడు ఏడుస్తావు" అన్నాడు. తన కమిషన్ తనే పోగొట్టుకున్నాడు. రెండో ఇంటి ఇన్‌స్పెక్షన్ రోజు చొక్కా విప్పేసి అటక మీదికి పాకి, ఓ మూల ఇన్సులేషన్ వెయ్యలేదని పట్టుకున్నాడు. దిగొచ్చేసరికి దూదిలో దొర్లిన పిల్లిలా ఉన్నాడు. అది పావు శాతం తగ్గించుకున్న మనిషి చేసే పని కాదు.

కానీ ఆ మంచితనమంతా గృహప్రవేశం రోజు కరిగిపోయింది. వంటింట్లో పాలు పొంగుతున్నాయి, హాల్లో ఈయన పొంగిపోతున్నాడు. "మా తమ్ముడికి 2.25 ఇచ్చాను. బయటివాళ్ళకైతే 2 దాటను." పురోహితుడితో సహా అందరూ విన్నారు. నా రిబేటు ఎంతో, నా ఇల్లు ఎంతో, నా జీతం ఎంతుంటుందో ఆ పూటే లెక్కగట్టేశారు. తర్వాత వచ్చిన ప్రతి గిరాకీ 2.25 అడగడం మొదలుపెట్టింది. ఇప్పుడాయన ఎక్కడ కనిపించినా "మార్కెట్ పాడుచేసింది నువ్వే" అంటాడు. చాటింపు వేసింది తనే కదా అంటే వినడు. మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడల్లా గోడలు తడిమి చూసుకుంటాడు, పిల్లనిచ్చిన మామగారిలా.

ఈ మధ్య నేను టెక్సాస్ లైసెన్సుకి కావలసిన 180 గంటల క్లాసులు మొదలుపెట్టాను. 60 గంటలు అయిపోయాయి. అన్నగారికి చెప్పలేదు. మా ఆవిడకీ చెప్పలేదు కాబట్టి ఆయనకి తెలిసే దారి లేదు. మీలో ఎవరైనా ఇల్లు కొనే ఆలోచనలో ఉంటే కొన్నాళ్ళు ఆగండి. 2.5 ఇస్తాను.